ఫ్యూజు చేసిన నేరమేమి?

మన వారపత్రికలో పాఠశాలలను గూర్చియు, పెండ్లి పేరంటములను గూర్చియు, సంఘపు చందాలను గూర్చియు వ్రాయుట పరిపాటి. ఈ వారము నేను మోటారుకారును గూర్చి వ్రాయబూనినందులకు పాఠక మహాశయులు మన్నింతురు గాక. నేను యంత్రశాస్త్రము చదివినవాడను గాను. మెట్రిక్యులేషనుతో నా చదువు ముగిసినది. ఆపై బట్టల వ్యాపారమే నా విద్య. అయినను ఈ యేడు నా కారు నాకొక పాఠము చెప్పినది. దానికి నేను చెల్లించిన మూల్యము కొంచెము కాదు. చెల్లింపబోయి తప్పించుకొన్న మూల్యము తలచుకొన్న నేటికిని నిద్ర పట్టదు. మన కుటుంబములలో కార్లుగలవారు పలువురు. అట్టి పాఠమును నాలోనే దాచుకొనుట ధర్మము కాదని తలచి వ్రాయుచున్నాను.

బరంపురము నుండి ఇచ్ఛాపురమునకు 16వ నంబరు జాతీయ రహదారిపై సుమారు 25 కిలోమీటర్లు. మా దుకాణపు చీరల మూటలు నెలకు రెండు మూడు మారులు కారు డిక్కీలోనే అచ్చటికి పోవుచుండును. గత కార్తీకమున ఒక సాయంకాలము అట్లు పోవుచుండగా డ్రైవరు ముందరి మీటర్ల వెలుగు ఆరిపోయినది. ముందుదీపములు వెలుగుచునే యున్నందున అతడు దానిని పెద్దగా లెక్కింపలేదు. కొంత దూరము పోయిన పిదప వెనుకనుండి వచ్చిన లారీ యొకటి జేనెడు దూరములో ప్రక్కకు తప్పుకొని పోయెను. ఆ లారీవాని తిట్లే మాకు మొదటి సమాచారము. దిగి చూడగా కారు వెనుకదీపములు రెండును ఆరియుండెను. మీటర్ల దీపములును, వెనుకదీపములును, నంబరు పలక దీపమును మా కారులో ఒకే ఫ్యూజు మీద నడచునని ఆనాటికి మేము ఎఱుగము.

మఱునాడు కారును షెడ్డునకు పంపితిని. మెకానిక్కు 10 ఆంపియర్ల ఎఱ్ఱ ఫ్యూజు క్రొత్తది వేసెను. దీపములన్నియు వెలిగినవి. కూలి పుచ్చుకొనెను. కొన్ని దినములు గడచిన పిదప మరల ఫ్యూజు పోయెను. ఈసారి దీపముల స్విచ్చు మార్చవలెనని యనిరి, మార్చితిమి. మూడవసారి వెనుకబల్బుల హోల్డర్లు మార్చితిమి. నాలుగవసారి బ్యాటరీ పాతబడినదని చెప్పిరి. క్రొత్త బ్యాటరీ కొంటిని. బలహీనమైన బ్యాటరీ వలన వెనుకదీపముల ఫ్యూజు పోదని నేడు నాకు తెలియును. నాడు తెలియదు, తెలిసికొనవలెనని తోచనూ లేదు. ప్రతిసారియు కారు షెడ్డునందు నిలిచినంతకాలము నిక్షేపముగా నుండెను. దోషము కనబడనిచోట దోషమును మాన్పుట యెట్లు?

ఇక్కడ నా తప్పొకటి ఒప్పుకొనవలెను. ఆ షెడ్డులోని మెకానిక్కుకు తెలుగు రాదు. మా డ్రైవరుది ఇచ్ఛాపురము. వానికి ఒడియా అంతంతమాత్రము. కావున ఇరువురి నడుమ మాటలు మోయువాడను నేనే. రెండవసారి ఫ్యూజు పోయిన దినముననే డ్రైవరు నాతో, "సరుకేసిన రోజే పోతంది బాబుగారూ, ఖాళీ బండికి పోదు" అని చెప్పెను. నేను మెకానిక్కునకు చెప్పినదేమి? "మరల ఫ్యూజు పోయినది" అని మాత్రమే. వాక్యములో అసలైన సగమును నేను దారిలో జారవిడిచితిని. డ్రైవరు మాటలో రోగనిర్ణయ మేముండునను చిన్నచూపే దానికి కారణము. రెండు భాషల నడుమ బ్రదుకుచున్న మనము ఇట్టి దుబాసీపని ప్రతిదినమును చేయుచునే యుందుము. ఆ పని యెంత జాగ్రత్తగా చేయవలెనో నాకు కారు నేర్పినది.

అయిదవసారి ఫ్యూజు పోయిన దినమున మేము సోంపేటలో మా చెల్లెలి యింట పెండ్లికి బియ్యపు బస్తాలు వేసికొని పోవుచుంటిమి. ముహూర్తము సమీపించుచుండెను. దారిలోని షెడ్డువాడు ఎఱ్ఱ ఫ్యూజు తీసి చూపగా నేను విసుగెత్తి, "మాటిమాటికి పోవని పెద్దది వేయుము" అంటిని. అతడు 30 ఆంపియర్ల పచ్చ ఫ్యూజు వేసెను. అతనిని నిందింపను. ఆజ్ఞ నాది.

పచ్చ ఫ్యూజు నేను కోరినట్లే పోలేదు. పది దినముల తరువాత సరుకుతో కారు ఇచ్ఛాపురమునకు బయలుదేరెను. పదునేడేండ్ల నా కుమారుడు డ్రైవరుతో కూడ పోయెను. సగము దారిలో వెనుకసీటు క్రిందినుండి కాలిన రబ్బరు వాసన, వెంటనే పొగ. డ్రైవరు దీపముల స్విచ్చు కట్టివేసి, బండిని రోడ్డు ప్రక్కకు దించి, కుఱ్ఱవానిని దింపి దూరముగా నిలిపి, బానెట్టు ఎత్తి బ్యాటరీ నెగెటివు తీగను ఊడబెఱికెను. పొగ అణగినది. రెండు మూటలు అంచులు కమిలినవి. అంతటితో పోయినది. అతడు ఆ క్షణమున అట్లు చేయకున్నచో ఈ వ్యాసము వ్రాయుటకు నాకు చేతులాడెడివి కావు.

ఫ్యూజు అనునది ఏమిటో పిదప తెలిసికొంటిని. అది దీపమును కాపాడునది కాదు, తీగను కాపాడునది. వెనుకదీపములకు పోవు సన్నని తీగ 10 ఆంపియర్ల కరెంటును వేడెక్కక మోయగలదు. అంతకు మించి పాఱినప్పుడు, తీగ కాలకముందే తాను కరగి దారి తెంచుటయే ఫ్యూజు ధర్మము. అందుచేతనే రంగులు ఏర్పరచినారు: ఎఱుపు 10, నీలము 15, పసుపు 20, పచ్చ 30 ఆంపియర్లు. 10 ఉన్నచోట 30 వేసినచో ఇక ఫ్యూజు పోదు, తీగయే ఫ్యూజగును. తొడుగు చిరిగిన తీగ రేకునకు అరకొరగా తగిలి 20 ఆంపియర్లు పాఱుచున్నదనుకొందము. 12 వోల్టులచే గుణింపగా 240 వాట్లు. నూఱు వాట్ల బల్బులు రెండింటికి మించిన వేడి, వెనుకసీటు క్రింద, దూదికిని గుడ్డకును నడుమ! పచ్చ ఫ్యూజు ఆ వేడిని చూచుచు ఊరకుండును. మా ఎఱ్ఱ ఫ్యూజు అయిదుసారులు తన ప్రాణము విడిచి మమ్ము హెచ్చరించినది. నేను దాని నోరు మూయించితిని. ఫ్యూజు చేసిన నేరమేమి?

ఆ రాత్రి నేను దుకాణపు చిట్టా తీసి కూర్చుంటిని. బండి ఖర్చు క్రింద ఫ్యూజులు కొన్న తేదీలన్నియు అందుండెను. సరుకు పంపిన తేదీలును ఉండెను. రెండును ప్రక్క ప్రక్కన వ్రాసి చూచితిని. నాలుగు తేదీలు సరుకు పంపిన దినములే. అయిదవ తేదీన సరుకు లేదు. కాని ఆనాడు బియ్యపు బస్తాలు కలవు. పొగ వచ్చిన దినమునను సరుకు కలదు. డిక్కీ ఖాళీగా నున్న దినమున ఒక్కమారైనను ఫ్యూజు పోలేదు. డ్రైవరు నెలలనాడు ఒక్క వాక్యములో చెప్పినదానిని నేను లెక్కల పుస్తకముతో ధ్రువపఱచుకొనవలసి వచ్చినది!

ఒకరి సలహాపై కారును పెద్దబజారు వెనుకనున్న యొక వృద్ధ ఎలక్ట్రీషియను కడకు తీసికొనిపోయితిని. ఈసారి డ్రైవరును వెంటనుంచుకొని, అతడు చెప్పిన ప్రతి మాటను పొల్లుపోకుండ ఒడియాలో చెప్పితిని. వృద్ధుడు నవ్వి, "సాహుకారూ, మూటలేవి? మూటలు తెండు" అనెను. రోగిని తెచ్చి రోగమును ఇంటియొద్ద విడిచి వచ్చినట్లు మేమెప్పుడును ఖాళీ కారునే షెడ్డునకు తెచ్చుచుంటిమి గదా!

మూటలు వచ్చిన పిదప అతడు ఫ్యూజు తీసి, ఆ స్థానమున 21 వాట్ల బ్రేకుబల్బు నొకదానిని రెండు తీగలతో తగిలించెను. ఇందలి కిటుకు మిక్కిలి సులభము. ఎంత షార్టు అయినను ఆ బల్బు గుండ రెండు ఆంపియర్లకు మించి పాఱదు. కాబట్టి ఏమియు కాలదు. దీపములు వేసినపుడు ఆ బల్బు మసకగా వెలుగును. తీగ రేకునకు తగిలిన క్షణమున నిండుగా వెలుగును. మూటలను ఒక్కొక్కటిగా డిక్కీలో పెట్టించెను. మూడవ మూటను ఎడమప్రక్కకు నెట్టగానే బల్బు భగ్గున వెలిగినది. తీయగా మసకబాఱినది. మరల నెట్టగా మరల వెలిగినది. ఆ ప్రక్కనున్న అట్ట ఎన్నడో ఊడిపోయినది. వెనుకదీపముల తీగ రేకు అంచుమీద పడియున్నది. మూట నొక్కినపుడెల్ల ఆ అంచు తీగ తొడుగును ఒరసి ఒరసి, రాగిని బయటపెట్టినది. పచ్చ ఫ్యూజు పుణ్యమా యని అచ్చటినుండి సీటు క్రిందివరకు తొడుగు కరగి ముద్దయై యున్నది.

అతడు కాలిన తీగను తీసివేసి, క్రొత్త తీగను టంకము పెట్టి అతికి, పైన గొట్టము తొడిగి, రేకు అంచునకు రబ్బరు వేసి, మూటలు తగులకుండ చెక్కపలక నిలిపి, ఎఱ్ఱ ఫ్యూజు పెట్టెను. పిమ్మట మూటలతో కారును గతుకుల సందులో రెండు మారులు త్రిప్పి వచ్చి, అప్పుడు గాని పని ముగిసినదని చెప్పలేదు. నాటినుండి నేటివరకు ఫ్యూజు పోలేదు.

ఇక అసలు విషయమునకు వచ్చెదను. అంతకుముందు నేను స్విచ్చునకును, హోల్డర్లకును, బ్యాటరీకిని వెచ్చించినది సుమారు ఎనిమిది వేల రూపాయలు. ఒక్కసారియు బేరమాడలేదు, పెట్టెలో వచ్చిన వస్తువు కంటికి కనబడుచున్నది గదా! వృద్ధుడు వాడిన తీగ, రబ్బరు, గొట్టము కలిపి నూఱు రూపాయలైనను కావు. మూడు గంటలు వెదకినందులకు ఆఱువందలు అడిగెను. సిగ్గు విడిచి చెప్పుచున్నాను: నేను బేరమాడితిని! "వంద రూపాయల సామానుకు ఆఱువందల కూలియా?" అంటిని. ఆయన కోపపడలేదు. "సామాను నేనమ్మలేదు సాహుకారూ" అనెను. ఆ మాటకు నా యొద్ద సమాధానము లేదు. అడిగినది చెల్లించితిని.

మనము వస్తువునకు వెల యిత్తుము, వెదకుటకు వెల యియ్యము. ఇదియే మన కార్లలో దోషములు తిరిగి తిరిగి వచ్చుటకు ముఖ్యకారణమని నా అభిప్రాయము. వెదకినవానికి కూలి దొరకని చోట, షెడ్డువాడు వెదకుట మాని వస్తువులు మార్చుట నేర్చుకొనును. వాని తప్పు కొంత. మన తప్పు ఎక్కువ. అసలు తీర్చక వడ్డీ కట్టి పత్రము తిరగవ్రాసెడు ఋణగ్రస్తుని మనము దుకాణములో కూర్చుండి ఎగతాళి చేయుదుము. కారణము వెదకక ఫ్యూజు మార్చుట అట్టి తిరగవ్రాత కాక మఱేమి?

వెదకుట యన నేదో బ్రహ్మవిద్య కాదు. పెక్కు చిక్కులకు కావలసినది మీటరు, బల్బు, ఓపిక. ఉదయమున బండి స్టార్టు కాకుండుట మన యిండ్లలో మిక్కిలి తఱచైన ఫిర్యాదు. వెంటనే బ్యాటరీ మార్చుదుము; నెల తిరుగకముందే అదియును చచ్చును. నిండుగా ఛార్జియై విశ్రాంతిగా నున్న బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపును, 12.2 చూపినచో సగము ఖర్చయినట్లు. ఇంజను నడుచుచుండగా సామాన్యముగా 13.8 మొదలు 14.5 వఱకు చూపవలెను. చూపనిచో ఛార్జి చేయు ఆల్టర్నేటరును గాని దాని తీగలను గాని పరీక్షింపవలెను. అదియు సరిగా నున్నచో, రాత్రివేళ ఎవరో కరెంటును దొంగిలించుచున్నారన్నమాట. తాళము వేసి కొంతసేపు ఆగిన పిదప కారు తనకై వాడుకొనునది సాధారణముగా 50 మిల్లీ ఆంపియర్లకు మించరాదు; దినమునకు 1.2 ఆంపియర్-గంటలు. డిక్కీలోని 5 వాట్ల దీపము మూత వేసినను ఆరకున్నచో అది 0.4 ఆంపియరు త్రాగును. దినమునకు సుమారు 10 ఆంపియర్-గంటలు. 35 ఆంపియర్-గంటల బ్యాటరీ రెండు దినములలో సగమునకు పైగా ఖాళీ. గల్లాపెట్టెకు రంధ్రముండగా క్రొత్త గల్లాపెట్టె కొన్నందువలన లాభమేమి?

మఱియొక చిక్కు మన తీరప్రాంతము వారికి తప్పనిది. కారులో కరెంటు బ్యాటరీకి తిరిగివచ్చు దారి బండి రేకే. ఆ రేకును బ్యాటరీతో కలుపు తీగను ఎర్తు అందురు. గోపాలపురపు ఉప్పుగాలికి ఆ ఎర్తు బిగింపుల యొద్ద తుప్పు, పాచి పేరుకొనును. అప్పుడు కారు పిచ్చిపట్టినట్లు ప్రవర్తించును: బ్రేకు త్రొక్కిన ఇండికేటరు మినుకుమనును, హారను కొట్టిన దీపము క్రుంగును. తిన్నని దారి మూసికొనిపోగా కరెంటు ప్రక్కయింటి పెరటిదారిన పోవుటయే దానికి హేతువు. దీపములన్నియు వేసి, మీటరు నొక కొనను బ్యాటరీ నెగెటివునకును, రెండవ కొనను ఇంజనునకో రేకునకో తాకించి చూడుడు. 0.2 వోల్టులకు మించి చూపినచో ఎర్తు శుభ్రపఱచి బిగించుట మొదటి పని. ఉప్పుకాగితమును, పానాయును చాలును. 2013 అక్టోబరు 12వ తేదీన పైలిన్ తుపాను గోపాలపురము చెంత తీరము దాటినప్పుడు మన ప్రాంతము అనుభవించిన వాన మఱచునది కాదు. నీట నిలిచిన బండి పైకి ఆరినట్లు కనబడినను, తీగల జోడింపులలో చిక్కిన తడి నెలల తరబడి రాగిని తినుచునే యుండును. పాతబండి కొనువారు ఇది గమనింపవలెను.

ఇప్పటి కార్లలో కంప్యూటరు కలదు, స్కానరు తగిలించిన తప్పు తానే చెప్పునని కొందఱు యువకులు వాదింతురు. స్కానరు మంచి పనిముట్టే. అది ఏ మార్గమున తప్పున్నదో పలుమారులు చెప్పగలదు. ఏ అంచున తీగ ఒరసినదో, ఏ తీగను ఎలుక కొఱికినదో చెప్పజాలదు. అది వీథి పేరు చెప్పును. ఇల్లు మనము వెదకవలసినదే. ఆ కంప్యూటర్ల కారణముననే కొన్ని పాత అలవాట్లు మానవలెను. ఇంజను నడుచుచుండగా బ్యాటరీ తీగ ఊడదీసి పరీక్షించుట వానిలో నొకటి. అపుడు లేచు వోల్టేజి కంప్యూటరును చెఱుపగలదు. పసుపు తొడుగుగల ఎయిర్‌బ్యాగు తీగల జోలికి తెలియనివారు పోరాదు.

వెదకుటకు కూలి యిచ్చినచో మోసగాండ్రు వెదకినట్లు నటించి డబ్బు లాగుదురని కొందఱందురు. కాదనను. దానికి ఉపాయము వ్యాపారులకు నేను చెప్పవలెనా? ఇన్ని గంటలకు ఇంతయని ముందే మాట్లాడుకొనుడు. చిరిగిన చోటును మూయకముందు కంటికి చూపుమనుడు. దోషము ఏ స్థితిలో వచ్చుచున్నదో ఆ స్థితినే మరల కల్పించి, అది రాలేదని చూచి డబ్బు లెక్కపెట్టుడు. కారణము చూపనివానికి వెదకిన గంటల కూలి యిచ్చి పంపుడు. వస్తువు మాత్రము మార్పింపకుడు. ఏ తొందరలోనైనను, ఏ ముహూర్తమునకైనను, ఉన్నదానికంటె పెద్ద ఫ్యూజు వేయింపకుడు. దీపములు లేకున్న తెల్లవారువఱకు ఆగుడు. ముహూర్తము తప్పినచో మఱియొకటి దొరకును.

ఇప్పుడు మా కారులో ఒక చిన్న పుస్తకము ఉన్నది. ఏ దినమున ఏ చిక్కు వచ్చినది, అప్పుడు ఎండయా వానయా, బండి ఖాళీయా నిండా, గతుకుల దారియా మంచి దారియా అన్నది అందు వ్రాయబడును. వ్రాయువాడు నా కుమారుడు. చెప్పువాడు మా డ్రైవరు. అతడు చెప్పినమాటను చెప్పినట్లే వ్రాయవలెనని, సగము విడువరాదని కుమారునకు కట్టడి చేసితిని. ఆ కట్టడి మొదట నాకు కావలసినది, ఆలస్యముగానైనను నేర్చుకొంటిని.